పల్నాట్లో నా పేరున ఒక గొయ్యి

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు మా నాయనమ్మ నన్నొక ప్రశ్న అడిగింది. ఆ రోజు నుంచీ అది నా బుర్రలో ఎంతకీ దొరకని బగ్‌లా తిరుగుతూనే ఉంది. రాసి పడేస్తే అయినా వదులుతుందేమోనని ఈ ప్రయత్నం.

జరిగిందేమిటంటే, పోయిన శ్రావణంలో హైదరాబాదులో మా కొత్త ఫ్లాటు గృహప్రవేశం అయింది. పెద్దగా ఊహించుకోకండి, పన్నెండొందల చదరపు అడుగులు, ఇరవయ్యేళ్ళ ఈఎమ్ఐ. మోకాళ్ళ నొప్పుల వల్ల నాయనమ్మ రాలేకపోయింది. అందుకని పండక్కి వెళ్ళినప్పుడు అరుగు మీద కూర్చుని ఫోన్లో వీడియోలన్నీ చూపించాను. పాలు పొంగటం, హోమం, ఆవు లిఫ్టులో పట్టక కింద సెల్లార్లోనే పూజ చేయించుకోవటం (నవ్వకండి, నిజమే), అన్నీ చూసింది. చూసి అడిగింది:

"పునాది తీసేప్పుడు భూదేవికి పూజ చేశారంట్రా?"

"బిల్డరు చేయించాడు నాయనమ్మా. ఐదుగురు అయ్యవార్లొచ్చారంట."

"మరి సిమెంటు ఏడదిరా?"

"ఏమో. మనవైపుదే అయ్యుంటది. హైదరాబాదుకి చానావరకు ఇటునుంచేగా వచ్చేది."

"అయితే ఆడ తవ్విన మట్టికి దణ్ణం పెట్టారు. ఈడ తవ్వినదానికి ఎవురు పెట్టారు?"

నా దగ్గర సమాధానం లేదు. ఇప్పటికీ లేదు. కాకపోతే ఆ ప్రశ్న వెంటపడి కొన్ని లెక్కలు వేశాను, కొన్ని పుస్తకాలు తిరగేశాను. అవి మీ ముందు పెడతాను.

మాది మాచవరం. 2022 ఏప్రిల్ దాకా గుంటూరు జిల్లా, ఇప్పుడు పల్నాడు జిల్లా. మావైపు రాని వాళ్ళకి ఒక్క ముక్కలో చెప్పాలంటే రాయి. శ్రీనాథుడు పల్నాటికొచ్చి రాళ్ళనీ జొన్నకూడునీ నీళ్ళ కరువునీ చూసి చాటువుల్లో వాపోయాడని చిన్నప్పుడు మా తెలుగు మాస్టారు చెప్తుంటే, ఆయనకి మేం అన్నం పెట్టలేదన్నమాట అని కాస్త సిగ్గుపడేవాళ్ళం. ఆ తర్వాత నాగార్జునసాగర్ కుడికాలువ వచ్చింది. 1955లో శంకుస్థాపన, 1967లో కాలువలకి నీళ్ళు. కాలువ అందినచోట వరి, మిరప, అందనిచోట మెట్టచేలు. ఏ చేలో అయినా సరే నాలుగడుగులు తవ్వితే పలకలు పలకలుగా రాయి తగిలే చోట్లు చాలా ఉన్నాయి.

శ్రీనాథుడు తిట్టిన ఆ రాయే ఇవాళ మా ప్రాంతానికి బంగారం. మాచర్లలో 1958 నుంచే సిమెంటు ఫ్యాక్టరీ ఉంది. పిడుగురాళ్ళని లైమ్ సిటీ అంటారు. అక్కడి సున్నం బట్టీలూ, ముగ్గు మిల్లులూ చూసినవాళ్ళకి ఆ పేరెందుకొచ్చిందో చెప్పక్కర్లేదు, చెట్ల ఆకులు కూడా తెల్లగా ఉంటాయి. దాచేపల్లి దాటి నడికుడి వైపు వెళ్తుంటే నాపరాళ్ళు దొంతర్లు దొంతర్లుగా పేర్చి ఉంటాయి. తెలుగువాళ్ళ ఇళ్ళలో కనీసం సగం మంది నాన్నలు వేసవి మధ్యాహ్నాల్లో వీపు ఆనించి పడుకున్న నల్లటి చల్లటి బండలు అవే.

ఇక వేదాల సంగతి.

మా కజిన్స్ వాట్సాప్ గ్రూపులో వారానికొక ఫార్వర్డ్ వస్తుంది. ప్రకృతిని పూజించమని మన వేదాలు వేల ఏళ్ళ క్రితమే చెప్పాయి, పాశ్చాత్యులకి ఇప్పుడు తెలిసింది, ఇవాళ వాతావరణ సదస్సులు పెడుతున్నారు, అని. కింద ముప్పై దణ్ణాలు. దాని వెనకే మా బాబాయి కొడుకు, సున్నం బట్టీకి టిప్పర్లు తిప్పేవాడు, వాడు కూడా ఒక దణ్ణం. నేను సాధారణంగా ఇలాంటివి తెరవకుండానే తుడిచేస్తాను. కానీ నాయనమ్మ ప్రశ్న తర్వాత, అసలు ఏం చెప్పారో చూద్దామని అనువాదాలు తిరగేశాను.

నిజం చెప్పొద్దూ, ఆశ్చర్యపోయాను. ఋగ్వేదం పదో మండలంలో నదుల మీద ఒక సూక్తం ఉంది, అడవి మీద ఇంకోటుంది. అథర్వవేదం పన్నెండో కాండ మొదట్లో భూమిసూక్తం, మొత్తం 63 మంత్రాలు. అందులో భూమిని తల్లిగా చెప్పుకునే మాట అందరికీ తెలిసిందే, ఫార్వర్డ్‌లో వచ్చేదీ అదే. నన్ను ఆపేసింది మాత్రం ముప్పయ్యైదో మంత్రం. ఫార్వర్డ్‌లో అది నాకెప్పుడూ కనపడలేదు. దాని సారాంశం ఇది: భూమిని తవ్వేవాడు భూమితో మాట్లాడుతున్నాడు. నేను తవ్వింది త్వరగా మళ్ళీ మొలవాలి, నీ ఆయువుపట్టు మీద నా దెబ్బ తగలకూడదు, అని కోరుకుంటున్నాడు.

గమనించారా? తవ్వొద్దు అనటం లేదు. తవ్వుతున్నాడు, తవ్వక తప్పదు. దున్నాలి, బావి తీయాలి, మూలికలు పీకాలి. కానీ తవ్వుతూనే రెండు విషయాలు ఒప్పుకుంటున్నాడు. ఒకటి, నేను తీసింది మళ్ళీ పూడాలి. రెండు, ఎక్కడ తవ్వకూడదో అలాంటి చోటు ఒకటుంది. నా ఉద్యోగ భాషలో చెప్పాలంటే ఇది ప్రార్థన కాదు, రిక్వైర్‌మెంట్స్ డాక్యుమెంటు.

మా తాతయ్యకి అథర్వవేదం సంగతి తెలిసుండదు. కానీ ఏరువాకనాడు ఎద్దుల కొమ్ములకి రంగులేసి, కాడికి పసుపు రాసి, మొదటి సాలు దున్నేముందు వంగి మట్టి కళ్ళకద్దుకునేవాడు. నాయనమ్మ ఇప్పటికీ పొద్దున మంచం దిగేముందు నేలని చేత్తో తాకుతుంది, కాలు మోపుతున్నందుకు తప్పు కాయమని. మంత్రం ఎక్కణ్ణుంచి ఎక్కడికి దిగిందో చెప్పేంత పండితుణ్ణి కాదు నేను. భావం మాత్రం ఒకటే.

అయితే ఇక్కడే మా ఫార్వర్డ్ మిత్రులతో నాకు పేచీ. అప్పటివాళ్ళు ప్రకృతిని పూజించారు కాబట్టి నాశనం చెయ్యలేదు, మనం పూజించటం మానేశాం కాబట్టి నాశనం చేస్తున్నాం అంటారు. ఈ రెండూ తప్పే అని నా అనుమానం.

మొదటిది చూద్దాం. శతపథ బ్రాహ్మణంలో విదేఘ మాథవుడి కథ ఉంది. సరస్వతీ తీరం నుంచి అగ్ని తూర్పుగా కాల్చుకుంటూ పోతుంటే, రాజూ పురోహితుడూ దాని వెనకే నడిచారు. సదానీర నది దగ్గర అగ్ని ఆగింది. అడవి కాల్చి పొలం చేసుకున్న జ్ఞాపకమే అదని చరిత్రకారుల్లో చాలామంది అంటారు. మహాభారతంలో ఖాండవ దహనం ఉండనే ఉంది. ఇంద్రప్రస్థం పక్కన అడవి, అందులో పక్షులతో పాములతో సహా, కాలిపోయింది. మన అర్జునుడే దగ్గరుండి కాల్పించాడు. ఇవాళ్టి లేఅవుట్లకి అది కొత్త విషయం కాదు. అర్థశాస్త్రంలో నగరంలోని తోటల్లో చెట్ల చిగుళ్ళు తుంచితే ఇంత, కొమ్మ నరికితే ఇంత అని జరిమానాల పట్టిక ఉంది. చెట్టుని పూజిస్తే సరిపోయేటట్టయితే కౌటిల్యుడికి ఆ పట్టికతో పనేముంది?

అంతెందుకు, మా పల్నాడే చూడండి. నాగార్జునకొండలో, ఇక్ష్వాకుల విజయపురిలో, క్రీస్తుశకం మూడో శతాబ్దంలో వాసిష్ఠీపుత్ర శాంతమూలుడనే రాజు అశ్వమేధం చేశాడని శాసనాలు చెప్తున్నాయి. అంటే వేదం మా గడప దాకా వచ్చింది. అదే కాలంలో ఆ ఇంటి ఆడవాళ్ళు బౌద్ధ స్తూపాలు కట్టించారు. అక్కడా అమరావతిలోనూ స్తూపాల చుట్టూ చెక్కిన బొమ్మలన్నీ మన పలనాటి సున్నపురాయివే. అంటే ఆ యజ్ఞాల కాలంలో కూడా ఇక్కడ రాయి తవ్వారు. తర్వాత పదిహేడో శతాబ్దంలో కొల్లూరు వజ్రాల గనుల్లో అరవై వేలమంది పనిచేస్తున్నారని టావెర్నియర్ రాశాడు. కోహినూర్ అక్కడిదేనంటారు. ఆ గనులు ఇవాళ పులిచింతల నీళ్ళకింద ఉన్నాయి. కాబట్టి తవ్వటం మనకి కొత్త కాదు. ఉలికీ గడ్డపారకీ ఒక హద్దుండేది, అంతే. ఒక మనిషి ఒక రోజంతా తవ్వితే ఎంత వస్తుంది? ఆ మంత్రం చదివినవాడి చేతిలో ఉన్నది కర్ర, మహా అయితే పలుగు. వాడి తప్పుల్ని రెండు వానలు సరిచేసేవి. ఇంకో సంగతి. ఆ రాయిని వాళ్ళు రాయిగానే ఉంచారు. పద్దెనిమిది వందల ఏళ్ళ తర్వాత కూడా మనం మ్యూజియంలో టికెట్ కొనుక్కుని చూస్తున్నాం.

రెండోది, మనం పూజలు మానేశామా? ఎక్కడ? మా ఊరి వైపు ఏ క్వారీ మొదలైనా భూమిపూజ జరుగుతుంది. దసరాకి పొక్లెయిన్లకి పసుపు కుంకుమ పెట్టి, బకెట్టుకి పూలదండ వేసి, టైర్ల కింద నిమ్మకాయలు పెడతారు. డ్రిల్లింగు మిషనుకి గుమ్మడికాయ కొడతారు. తాతయ్య మట్టి కళ్ళకద్దుకున్నదానికీ దీనికీ ఆచారంలో తేడా ఏమీ లేదు. తేడా అల్లా తర్వాత జరిగేదాంట్లో. తాతయ్య దున్నిన సాలులో ఆర్నెల్లకి పంట వచ్చేది. పొక్లెయిను తవ్వినచోట ఏమీ రాదు, నీళ్ళు తప్ప. అంటే పూజ మిగిలింది, పూజలో ఇచ్చిన మాట పోయింది.

సరే, ఇప్పుడు లెక్కలు. ఇంజనీర్నన్నాక అది లేకుండా ఎలా?

ఇంటి కట్టుబడికి చదరపు అడుగుకి 0.4 బస్తా సిమెంటు అని మేస్త్రీల దగ్గర్నుంచి సివిల్ ఇంజనీర్ల దాకా అందరూ వాడే మోటు లెక్క. నా ఫ్లాటు 1200 అడుగులు. అంటే 480 బస్తాలు. బస్తా 50 కిలోలు కాబట్టి 24 టన్నులు. ఒక టన్ను క్లింకర్ చెయ్యటానికి సుమారు టన్నున్నర సున్నపురాయి కావాలి. మామూలు ఓపీసీ సిమెంటయితే దాదాపు అంతా క్లింకరే కాబట్టి బస్తాకి 70 కిలోల రాయి వేసుకోండి. 480 బస్తాలకి 33.6 టన్నులు.

సున్నపురాయి సాంద్రత ఘనమీటరుకి 2.6 టన్నుల చొప్పున వేస్తే, సుమారు 13 ఘనమీటర్లు. గొయ్యిగా చెప్పాలంటే పదడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు, దాదాపు ఆరడుగుల లోతు. మా ఫ్లాటులో చిన్న బెడ్రూమంత. అది పల్నాట్లోనో, మరోచోటో నా పేరున ఉన్న గొయ్యి. లిఫ్టు, కారిడార్లు, పార్కింగు, క్లబ్‌హౌసుల్లో నా వాటా కలపలేదు సుమండీ. ఇసకా కంకరా కూడా కలపలేదు.

ఇక గాల్లో కలిసింది. ఇంటర్లో చదువుకున్న కెమిస్ట్రీయే. కాల్షియం కార్బొనేటు అణుభారం 100. కాలిస్తే 56 పాళ్ళు సున్నం, 44 పాళ్ళు కార్బన్ డయాక్సైడు. బొగ్గు పొగ వేరే, ఇది రాయిలోంచే వచ్చేది. సోలార్ పెట్టి కాల్చినా ఇది తప్పదు. రాయిలో మట్టీ మశానం ఉంటుంది కాబట్టి తగ్గించి వేసుకున్నా, నా ఇంటికి పది టన్నుల పైనే. కోట్ల ఏళ్ళ క్రితం సముద్రం అడుగున రాయిలో బందీ అయిన వాయువుని నా బెడ్రూము కోసం ఒక్క పూటలో విడిపించానన్నమాట. ప్రపంచం మొత్తం వదిలే కార్బన్ డయాక్సైడులో 7, 8 శాతం సిమెంటుదేనంటే ఇందుకే.

ఇవన్నీ ఒక ఎత్తు, చివరి లెక్క ఒక్కటీ ఒక ఎత్తు. సిమెంటు సున్నపురాయికి 2014లో కేంద్రం పెట్టిన రాయల్టీ టన్నుకి 80 రూపాయలు. ఆ ధర మీద నా 33.6 టన్నులకి ఎంతవుతుంది? 2,688 రూపాయలు. అదీ భూదేవికి మన సర్కారు కట్టిన ధర. మా గృహప్రవేశంలో అరటి పిలకలకీ పూలదండలకీ అంతకన్నా ఎక్కువయింది. పురోహితుడి దక్షిణ సంగతి చెప్పను, ఆయన మనసు నొచ్చుకుంటుంది.

ఇక్కడిదాకా రాసి, చదువుకుని, బాగానే ఉంది, పంపించేద్దాం అనుకున్నాను. కానీ ఒక విషయం దాచిపెట్టి నీతులు చెప్తున్నట్టు అనిపించింది. అదీ చెప్పేస్తాను.

మాకు ఊరి బయట ఎకరంన్నర మెట్టచేను ఉండేది. కంది వేసేవాళ్ళం, వానపడితే పత్తి. 2015లో నాకు ఇంజనీరింగులో మంచి ర్యాంకు రాలేదు, మేనేజ్‌మెంట్ కోటాలో సీటు కొన్నాం. ఆ ఏడే ఆ చేను అమ్మాం. కొన్నవాళ్ళు రాయి తీసేవాళ్ళు. ఎవరు, ఏమిటి అన్నది ఇక్కడ అనవసరం, వాళ్ళు మోసం చెయ్యలేదు, అడిగిన ధర ఇచ్చారు. నాన్న సంతకం పెట్టిన రోజు నేను కూడా పక్కనే ఉన్నాను. వస్తూ వస్తూ మిర్చి బజ్జీలు తిన్నాం. నాకు గుర్తున్నది బజ్జీలే.

మొన్న పండక్కి, పదేళ్ళ తర్వాత, నాన్నతో కలిసి ఆ వైపు వెళ్ళాను. చేను లేదు. గట్టు మీద వేపచెట్టు కూడా లేదు. ముప్పై నలభై అడుగుల లోతు గుంత, అడుగున పచ్చగా నీళ్ళు. చుట్టూ కంచె లేదు, బోర్డు లేదు. రాయి అయిపోయాక వాళ్ళు ఇంకోచోటికి వెళ్ళిపోయారు. ఇద్దరు పిల్లలు అంచు మీదనుంచి నీళ్ళలోకి రాళ్ళు విసురుతున్నారు. నాన్న వాళ్ళని కేకలేసి తరిమాడు. తర్వాత కాసేపు ఏమీ మాట్లాడలేదు. నేనే అన్నాను, "అమ్మకుండా ఉంటే బాగుండేది నాన్నా" అని.

"అమ్మకపోతే నువ్వుండేది ఏడరా? ఇట్టా సెలవు పెట్టుకుని పండక్కొచ్చి గుంత చూసి బాధపడేవాడివా? ఆ గుంతలోనే రాయి కొడుతుండేవాడివి."

దానికీ నా దగ్గర సమాధానం లేదు. ఆయన చెప్పింది నిజం. మా ఊళ్ళో సగం ఇళ్ళు ఈ రాయి మీదే బతుకుతున్నాయి. డ్రైవర్లు, బట్టీ కూలీలు, టైరు పంక్చర్లు వేసేవాళ్ళు, టీకొట్లు. మిరప చూద్దామా అంటే 2021-22లో కొత్తరకం తామరపురుగు వచ్చి పూత పూతంతా ఊడ్చేసింది, మందులు కొట్టి కొట్టి అప్పులు మిగిలాయి. వాళ్ళకి వెళ్ళి ప్రకృతిని పూజించండి అని ఫార్వర్డ్ పంపటం నా వల్ల కాదు. వాళ్ళు నాకన్నా ఎక్కువే పూజిస్తారు.

కాబట్టి తవ్వకండి అనను. నా ఇల్లే తవ్వి తెచ్చిన రాయి. నేననేది ముప్పయ్యైదో మంత్రం సంగతి. మళ్ళీ మొలవాలి అన్న మాట సంగతి.

ఆశ్చర్యమేమిటంటే ఆ మాట మన చట్టాల్లో ఉంది! 2003 ఏప్రిల్లో గనుల నిబంధనలు మార్చి, పెద్ద ఖనిజాల ప్రతి గనికీ మూసివేత ప్రణాళిక ఉండాలన్నారు. మొదలుపెట్టేముందే, ఎలా మూస్తామో రాసివ్వాలి, దానికి హామీగా డబ్బు కట్టాలి. 2017లో వచ్చిన కొత్త నిబంధనల్లోనూ అది కొనసాగింది. చిన్న ఖనిజాల విషయంలో 2012 ఫిబ్రవరిలో దీపక్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు, ఐదు హెక్టార్లకి తక్కువున్న లీజులకైనా పర్యావరణ అనుమతి తప్పదంది. 2015 చట్ట సవరణతో జిల్లా ఖనిజ ఫౌండేషన్లు వచ్చాయి. గనివాళ్ళు రాయల్టీ మీద అదనంగా పాత లీజులకైతే 30 శాతం, వేలంలో వచ్చినవాటికైతే 10 శాతం కట్టాలి, అది గని దెబ్బ తిన్న ఊళ్ళకే ఖర్చుపెట్టాలి. ఇక 2020 జనవరి 8న సుప్రీంకోర్టు ఇంకో మాట చెప్పింది. తవ్వకం అయిపోయాక ఆ నేలలో మళ్ళీ గడ్డి మొలిపించాలి, పశువులు మేసేట్టు చెయ్యాలి, ఆ షరతు లీజులోనే పెట్టండి అని కేంద్రానికి చెప్పింది.

చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. వేల ఏళ్ళ క్రితం ఎవరో కర్రతో తవ్వుతూ కోరుకున్నది, ఢిల్లీలో కోర్టు ఆర్డరుగా వచ్చింది. ఇద్దరికీ సంబంధం లేదు. కానీ తవ్వినవాడికి ఉండాల్సిన బాధ్యత ఒకటే అని ఇద్దరికీ తోచింది.

మరి గొయ్యి గొయ్యిలాగే ఎందుకుంది? ఎందుకంటే పూజలాగే ఇది కూడా తంతు అయిపోయింది. అక్కడ మంత్రాలు అర్థం తెలియకుండా చదువుతాం, ఇక్కడ ప్రణాళికలు ఎవరూ చదవకుండా ఫైల్లో పెడతాం. అక్రమంగా తవ్వేవాళ్ళకి ఆ ఫైలు కూడా ఉండదు. మా గురజాల నియోజకవర్గంలో అక్రమ సున్నపురాయి తవ్వకాల గొడవ హైకోర్టుకెక్కి, సిఐడి చూసి, 2020లో సీబీఐ కేసులు పెట్టేదాకా వెళ్ళింది. కేసులు నడుస్తాయి, రాజకీయ నాయకులు ఒకళ్ళనొకళ్ళు తిట్టుకుంటారు. గుంతలు మాత్రం ఎవరూ పూడ్చరు. పైగా 2015 సవరణ తర్వాత ఇచ్చే లీజు 50 ఏళ్ళు. ఇవాళ రాసిన మూసివేత ప్రణాళిక అమలయ్యేనాటికి సంతకం పెట్టినవాడూ ఉండడు, పెట్టించినవాడూ ఉండడు. సాఫ్ట్‌వేర్లో మేం దీన్ని టెక్నికల్ డెట్ అంటాం. తర్వాత వచ్చేవాడు చూసుకుంటాడులే అని వదిలేసే కోడు. తర్వాత వచ్చేవాడు అంటే మనమే అని మూడేళ్ళ తర్వాత అర్థమవుతుంది.

నేనేం చేశాను అని అడగొచ్చు మీరు. పెద్దగా ఏమీ లేదు. ఆ గుంత ఏ లీజు కింద తవ్వారో, అనుమతి ఉందో లేదో, ఉంటే మూసివేతకి ఏ షరతులు పెట్టారో, మా మండలానికి ఖనిజ ఫౌండేషన్ డబ్బు ఎంత వచ్చిందో, దేనికి ఖర్చయిందో చెప్పమని సమాచార హక్కు కింద అర్జీ పెట్టాను. పది రూపాయల ఖర్చు. ముప్పై రోజుల్లో సమాధానం ఇవ్వాలి. ఏమొస్తుందో చూడాలి. ముందుగా గుంత చుట్టూ కంచె వెయ్యమని పంచాయతీలో ఇంకో కాగితం. ఇది మాత్రం నాన్నే పట్టుకెళ్ళి ఇచ్చాడు, నేను అడక్కుండానే.

మీరు మావైపు వాళ్ళయితే ఒక్క మాట. 2006 నాటి పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం పెద్ద గనికి అనుమతివ్వాలంటే ప్రజాభిప్రాయ సేకరణ పెట్టాలి. ముప్పై రోజుల ముందు పేపర్లో ప్రకటన వెయ్యాలి, సభ మొత్తం వీడియో తియ్యాలి. సాధారణంగా అక్కడ ఉద్యోగాలు ఎన్నిస్తారు, రోడ్డు వేస్తారా లేదా అన్నవే అడుగుతాం. అడగండి, తప్పు లేదు. దాంతోపాటు, అయిపోయాక ఈ గుంత ఏం చేస్తారు, ఏ ఏడు ఎంత పూడుస్తారు అని కూడా అడగండి. వీడియోలో ఉంటుంది. రేపు ఎవరైనా కోర్టుకెళ్తే పనికొస్తుంది.

ఇల్లు కట్టుకునేవాళ్ళకి ఇంకో మాట. మేస్త్రీ ఏది తెమ్మంటే అది తేవటం కాకుండా, పీపీసీ సిమెంటు ఎక్కడ సరిపోతుందో ఒకసారి ఇంజనీరుని అడగండి. అందులో 15 నుంచి 35 శాతం దాకా ఫ్లైయాష్ ఉంటుంది. అంటే ఆ మేరకి క్లింకరు తక్కువ, మీ పేరున గొయ్యి కాస్త చిన్నది. అవసరం లేని ఆ మూడో బెడ్రూము మానేస్తే ఇంకా చిన్నది. ఇది నాకు నేను ఆలస్యంగా చెప్పుకుంటున్న మాట, మీకు నీతి కాదు.

హైదరాబాదు బయల్దేరే రోజు పొద్దున్నే లేచాను. నాయనమ్మ మంచం దిగుతూ ఎప్పట్లాగే నేలని తాకింది. అర్జీ సంగతంతా చెప్పాను. సగం అర్థమైంది, సగం కాలేదు. "వాళ్ళు పూడుస్తారంటావా?" అంది. తెలీదన్నాను. "పూడ్చకపోతే మళ్ళీ రాయి. నీ చదువు ఆ చేనే కదరా చదివించింది" అంది.

ఆ చేనుకి నా బాకీ ఎంతో లెక్క వేసుకున్నాను. పదడుగులు, ఎనిమిదడుగులు, ఆరడుగులు ఇంటిది. ఎకరంన్నర చదువుది. మీరుంటున్న ఇంటికి ఎంతవుతుందో మీరూ ఒకసారి వేసి చూడండి. చదరపు అడుగులు ఇంటూ 0.4 ఇంటూ 70. వచ్చినవి కిలోలు.